పక్షికి రెండడుగుల నాలుగంగుళాల ముందు

తంపరపేట పక్షి సంరక్షణ కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క కెమెరా నాలుగేళ్లుగా ఏ జబ్బూ లేకుండా పనిచేస్తోంది. అందుకే దాన్ని సర్వీసుకు పంపవలసి వచ్చింది.

పాడైన పరికరాన్ని బాగుచేయించాలంటే అటవీశాఖలో మూడు సిఫార్సులు, ఒక తనిఖీ, పై అధికారి సంతకం కావాలి. బాగున్న పరికరానికి ఆ బాధలేవీ లేవు. ఆ ఏడాది పై ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులరులో స్పష్టంగా ఉంది: "పక్షుల గణనకు పూర్వము ప్రతి ఛాయాగ్రహణ పరికరమును అధీకృత కేంద్రమునందు నిపుణులచే శుద్ధి, సవరణ గావించి ధ్రువపత్రము పొందవలెను."

బీట్ ఆఫీసరు దమయంతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కెమెరాను మెత్తటి తువ్వాలులో చుట్టి పెట్టెలో పెడుతుంటే, వాచరు దాలయ్య పక్కనే నిలబడి చూశాడు. దాలయ్యకు అరవై దాటాయి. ఆ ఊరి చింతచెట్ల మీదికి ఏటా చలికాలంలో వచ్చే గూడబాతులకూ, ఎర్రకాళ్ల కొంగలకూ పాతికేళ్లుగా ఆయనే కాపలా. పిల్లలు రాళ్లు విసరకుండా, కుక్కలు కింద పడ్డ కూనలను ఎత్తుకుపోకుండా చూసుకుంటాడు.

"బాగానే ఉన్నాది కదా తల్లీ, దీన్నెందుకు పంపడం?" అన్నాడు.

"బాగున్నట్టు కాగితం లేదు తాతా."

"నాకూ లేదు మరి," అన్నాడు దాలయ్య కొంచెం భయంగా.

కెమెరా విశాఖపట్నంలోని త్రినేత్ర ఇమేజింగ్ సర్వీసెస్‌కు వెళ్లి ఇరవై రెండు రోజుల తర్వాత తిరిగి వచ్చింది. కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. వెంట రెండు సర్టిఫికెట్లు వచ్చాయి, కెమెరాకు ఒకటి, లెన్సుకు ఒకటి. రెండింటి మీదా బంగారు రంగు స్టిక్కరు, దాని మీద ఒక నంబరు. తుడుచుకోవడానికి ఒక నీలం గుడ్డ కూడా ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే దమయంతి దాలయ్య పెరట్లోని పెద్ద చింతచెట్టుకు ఎదురుగా, ఎప్పటిలాగే నలభై అడుగుల దూరంలో స్టాండు వేసి, గూడు మీద కూర్చున్న గూడబాతుకు గురిపెట్టి నొక్కింది. కెమెరా చిన్నగా కూసింది, దృష్టి కుదిరిందని దాని అర్థం. ఫోటో తెర మీద పెద్దది చేసి చూసింది. మరోటి తీసింది. ఇంకో పది తీసింది.

దాలయ్య ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

"ఆ యెనకాల రెమ్మ మీద చీమ నడుస్తన్నాది, అవుపడతన్నాది," అన్నాడు మెచ్చుకోలుగా. "పచ్చి మాత్రం సలిమంచులో ఉన్నట్టున్నాదేటి?"

నిజమే. వెనక ఉన్న చింతాకుల్లో ఏ ఆకుకు ఎన్ని ఈనెలో లెక్కపెట్టవచ్చు. ముందు కూర్చున్న గూడబాతు మాత్రం ఎవరో సగం తుడిచేసిన బొమ్మలా ఉంది.

మామూలు ఏడాదైతే ఇది పెద్ద విషయం కాదు. దాలయ్య చెట్టు చెట్టుకూ తిరిగి వేళ్ల మీద లెక్కచెబితే దమయంతి రాసుకునేది. ఈ ఏడాది నుంచి ఆ పద్ధతి రద్దయింది. ఫోటో తీసి శాఖవారి పోర్టల్‌లోకి ఎక్కించాలి. అందులోని యంత్రం పక్షులను తానే లెక్కపెడుతుంది. కన్ను స్పష్టంగా కనిపిస్తేనే దాని దృష్టిలో పక్షి. లెన్సును చేత్తో తిప్పి సరిచేసిన ఫోటోలను అది తీసుకోదు, మనిషి చెయ్యి పడితే పక్షుల లెక్కలో పక్షపాతం చోటుచేసుకుంటుందట. సెల్‌ఫోను ఫోటోలకు సర్టిఫికెట్ నంబరు ఉండదు కనుక అవీ పనికిరావు. గడువులోగా ఐదు వందల పక్షులైనా లెక్కకు రాకపోతే కేంద్రం ఎత్తేస్తారు. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు అప్పటికే ఒకసారి వచ్చి, కొట్టేయవలసిన పదకొండు చింతచెట్లకూ సున్నంతో అంకెలు వేసి వెళ్లారు. దాలయ్య పెరట్లోని చెట్టు నంబరు మూడు.

దమయంతి ఫోటోలు ఎక్కించింది. మొదటి వారం ఫలితం వచ్చింది. గూడబాతులు సున్నా. ఎర్రకాళ్ల కొంగలు ఆరు, అవీ పొరపాటున మిగతావాటి వెనక కూర్చున్నవి. గుర్తించిన ఇతర జీవులు: చీమలు, ఉడుత ఒకటి.

ఆమె రేంజి ఆఫీసరు వైకుంఠరావుగారికి ఫోను చేసింది.

వైకుంఠరావుగారు ఇరవై ఆరేళ్ల సర్వీసులో అడవిని ఎక్కువగా ఫైళ్లలోనే చూసిన మనిషి. కోపిష్టి కాదు, చెడ్డవాడు అసలే కాదు. కాగితంలో ఉన్నదాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతారు.

"కెమెరా తేడా చేస్తోంది సార్. సర్వీసుకు వెళ్లొచ్చాకే ఇలా అయింది. పక్షికి గురిపెడితే వెనక కొమ్మను పట్టుకుంటోంది."

"సర్టిఫికెట్ వచ్చిందా అమ్మా?"

"రెండు వచ్చాయి సార్."

"రెండొచ్చాయా. మరి తేడా కెమెరాలో ఎలా ఉంటుంది?"

దమయంతి సర్టిఫికెట్లు రెండూ తీసి మళ్లీ చూసింది.

"చూడమ్మా," అన్నారు ఆయన ఓపిగ్గా, "కెమెరాకు కాగితం ఉంది. లెన్సుకు కాగితం ఉంది. నీ కళ్లకు ఉందా?"

ఆ సాయంత్రమే మెమో వచ్చింది. దమయంతి టెక్కలి ఆసుపత్రికి వెళ్లి కళ్ల పరీక్ష చేయించుకుంది. గోడ మీద చార్టులో ఆఖరి వరుసే కాదు, దాని కింద ప్రెస్సువాడి పేరు కూడా చదివింది. డాక్టరు దృష్టి నిర్దోషమని రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఆమె జతచేసి పంపింది.

ఇక కాగితం లేనిది పక్షులకే.

నాలుగో రోజున పశువైద్యులు ఫణిభూషణ్‌గారు జీపు దిగారు. చెట్ల కింద గొడుగు వేసుకుని గంటసేపు తిరిగారు. దమయంతిని పక్కకు పిలిచి అడిగారు:

"నన్ను ఖచ్చితంగా ఏం చూడమన్నారు?"

"పక్షుల ఆకారంలో మసక ఏమైనా ఉందేమో చూడమన్నారు సార్."

ఆయన తలెత్తి చాలాసేపు చూశారు. "నాకైతే స్పష్టంగానే ఉన్నాయి."

"అదే రాసివ్వండి సార్."

ఆయన దగ్గర ఉన్న ఫారం పాడిపశువులది. ఈనిన కాన్పులు, పూటకు పాలు, కొమ్ముల ఆకారం అన్న గళ్లలో ఓపిగ్గా 'వర్తించదు' అని రాసుకుంటూ పోయి, చివర్న 'పక్షులు అంచులతో సహా సక్రమముగా ఉన్నవి' అని సంతకం పెట్టారు. వెళ్లేముందు దాలయ్యను అడిగి ఒక గూడబాతు ఈకను డైరీలో దాచుకున్నారు.

ఇప్పుడు అందరికీ కాగితాలున్నాయి. పక్షులు మాత్రం లెక్కకు రావడం లేదు. దమయంతి ఒకరోజు సెలవు పెట్టి, కెమెరా సంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సులో విశాఖపట్నం వెళ్లింది.

త్రినేత్ర వారి గదిలో చల్లగా ఉంది. కౌంటరు వెనక కిరీటి అనే ఇంజినీరు ఉన్నాడు. ఫోటోలు చూడగానే విషయం అతనికి అర్థమైంది.

"బ్యాక్ ఫోకస్ మేడం. నలభై అడుగుల్లో రెండడుగుల నాలుగంగుళాలు వెనక్కి పడుతోంది," అన్నాడు, కొలిచి.

"అంటే తేడా ఉన్నట్టేగా?"

"కెమెరాలో లేదండి. మా దగ్గరున్న ప్రామాణిక లెన్సు పెట్టి చూస్తే కెమెరా కరెక్టు. మా ప్రామాణిక కెమెరాకు పెట్టి చూస్తే మీ లెన్సు కరెక్టు."

"రెండూ కలిపితే?"

"రెండూ కలిపి చూడ్డానికి మాకు ఫారం లేదు మేడం."

"నేను వాడేది రెండూ కలిపే కదండీ."

"నిజమేనండి," అన్నాడు కిరీటి. అతను గొంతు తగ్గించాడు. "చెప్పాలంటే ఇది రెండు నిమిషాల పని. మెనూలో ఒక అంకె ఉంటుంది. సర్వీసుకు రాకముందు అది మీకు సరిపోయేలా ఉండి ఉంటుంది. మావాళ్లు శుభ్రం చేసేటప్పుడు దాన్ని సున్నా చేశారు. శుభ్రం అంటే మా దగ్గర సున్నానే."

"మార్చేయండి మరి."

"లోపం లేదని సర్టిఫికెట్ ఇచ్చాం కదండీ. ఇప్పుడు లోపం సరిచేస్తే సర్టిఫికెట్ తప్పయిపోతుంది."

"నేనే మార్చుకుంటే?"

"మార్చుకోవచ్చు. ఆ క్షణం నుంచి సర్టిఫికెట్ నంబరు ఫోటోలో నమోదు కాదు. మీ పోర్టల్ తీసుకోదు."

మళ్లీ సర్వీసుకు ఇస్తే ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. ఇరవై రెండు రోజులు. గణన గడువు పద్దెనిమిది రోజుల్లో ముగుస్తుంది. కిరీటి నొచ్చుకుంటూనే కంపెనీ తరఫున ఒక ఉత్తరం రాసిచ్చాడు. "పరికరము అత్యంత ఖచ్చితముగా, గురిపెట్టిన చోటుకు రెండడుగుల నాలుగంగుళముల వెనుక స్పష్టత నిచ్చుచున్నది. వినియోగదారులు చిత్రించవలసిన వస్తువును తదనుగుణముగా అమర్చుకొనగలరు."

ఆ ఉత్తరాన్ని దాలయ్యకు చదివి వినిపించింది.

"అంటే పచ్చుల్ని ఎనక్కి జరగమనా?" అన్నాడు దాలయ్య. "నాను సెప్తే ఇంటాయేటి తల్లీ?"

ఉత్తరం రేంజి ఆఫీసు మీదుగా పైకి వెళ్లింది. పైన దాన్ని చాలా గంభీరంగా తీసుకున్నారు. వారం తిరక్కుండా ముగ్గురు సభ్యుల 'దృశ్య స్పష్టతా సమీక్షా సంఘం' తంపరపేటకు వచ్చింది. వైకుంఠరావుగారు వాళ్ల వెంట కుర్చీలు వేయిస్తూ తిరిగారు. సంఘం చైర్మన్ సఫారీ సూటు వేసుకున్న పెద్దమనిషి. ఆయన మాటలు నోట్లోంచి టైపు అయి వచ్చినట్టు ఉంటాయి.

"కెమెరా సక్రమము. అధికారిణి దృష్టి సక్రమము. పక్షులు సక్రమము," అన్నారు ఆయన వేళ్లు మడుస్తూ. "మూడు సక్రమముల మొత్తము అక్రమము కానేరదు. కావున సమస్య ఉన్నదన్న అభిప్రాయమును పునఃపరిశీలించవలసి యున్నది."

దమయంతి ఫోటో చూపించింది.

"ఇది అభిప్రాయము కాదు సార్, ఫోటో."

"ఫోటోయే. మసకగా ఉన్నది. మసకగా ఉన్నదానిని ఆధారముగా స్వీకరించలేము."

పరిశీలన ముగిసింది. సంఘం స్థలానికి వచ్చినట్టు ఒక ఫోటో కావాలి. అదీ పక్షుల సమక్షంలోనే కావాలన్నారు. ఊరివాళ్లు దాలయ్య చెట్టు పక్కన వెదుళ్లతో కట్టిన మంచె ఒకటి ఉంది. వంగిపోయిన కొమ్మలకు ఊతకర్రలు పెట్టడానికి వేసిందది. చైర్మన్‌గారూ, ఇద్దరు సభ్యులూ నిచ్చెన ఎక్కి మంచె మీద నిలబడ్డారు. వాళ్ల వీపుల వెనక, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, ఒక పెద్ద కొమ్మ నిండా గూడబాతులు. ఆ ఊళ్లో పక్షులు మనుషులకు బెదరవు. పెరట్లో అంట్లు తోముకుంటున్నా తలమీదే గూళ్లు పెట్టుకుంటాయి.

దమయంతి చైర్మన్‌గారి ముఖానికి గురిపెట్టి నొక్కింది. కెమెరా కూసింది.

ఆమె తెర మీద ఫోటోను పెద్దది చేసి చూసింది. ముగ్గురు పెద్దమనుషులూ ఆవిరి పట్టిన అద్దంలోంచి కనబడుతున్నట్టు ఉన్నారు. వెనక కొమ్మ మీద ప్రతి గూడబాతూ, ముక్కు కింద సంచీ ముడతలతో సహా, పసుప్పచ్చటి కనుపాపతో సహా స్పష్టంగా ఉంది.

ఆమె ఫోటోను పోర్టల్‌లోకి ఎక్కించింది. రెండు నిమిషాల్లో ఫలితం వచ్చింది. గూడబాతులు: ఇరవై మూడు. మనుషులు: సున్నా.

చైర్మన్‌గారు కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. "మేము సున్నా ఎట్లయితిమి?"

"మీ కళ్లు స్పష్టంగా రాలేదు సార్. పక్షులవి వచ్చాయి." దమయంతి ఆగలేదు. "సార్, పక్షుల ముందు రెండడుగుల నాలుగంగుళాల దూరంలో ఏదైనా ఉంటే చాలు. దానికి గురిపెడితే పక్షి స్పష్టంగా వస్తుంది. ఒక కర్రకు కుండ తగిలించి పెడతాం."

చైర్మన్‌గారు ఆలోచించారు. ఆయన తెలివైనవారే, లోపల ఎక్కడో విషయం తట్టింది. తట్టినదాన్ని కాగితం భాషలోకి మార్చుకోవడానికి కొంత సమయం పట్టింది.

"కుండకు జవాబుదారీతనము ఉండదు," అన్నారు.

"నాను నిల్చుంటాను బాబూ," అన్నాడు దాలయ్య. "ఎంతసేపైనా నిల్చుంటాను."

"నీవు దినసరి వేతనముపై ఉన్నావు. ప్రభుత్వ గణనలో ప్రభుత్వమే ముందుండవలెను." ఆయన చుట్టూ చూశారు. కుర్చీలు సర్దిస్తున్న వైకుంఠరావుగారి మీద చూపు ఆగింది.

ఉత్తర్వు మూడో రోజున వచ్చింది. "గణింపబడు ప్రతి పక్షికి రెండడుగుల నాలుగంగుళముల ముందు, రేంజి అధికారి స్థాయికి తగ్గని బాధ్యతగల అధికారి, ముఖము కెమెరా వైపు ఉంచి నిలబడవలెను." పక్షి నుంచి అధికారి ముక్కు దాకా కొలవాలా, పొట్ట దాకా కొలవాలా అన్న సందేహం మీద మర్నాడు ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఉదర పరిమాణము అధికారి అధికారికీ మారుచున్నందున ముక్కునే ప్రమాణముగా గైకొనవలెనని అందులో ఉంది.

గడువుకు తొమ్మిది రోజులే మిగిలాయి. ఊరంతా కదిలి రాత్రికి రాత్రే వెదుళ్లు కొట్టి, పదకొండు చెట్లకూ మంచెలు కట్టారు. మొదటి రోజు పొద్దున్న వైకుంఠరావుగారు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో వచ్చి నిచ్చెన ముందు నిలబడ్డారు.

"అమ్మా దమయంతీ, ఇవి పొడుస్తాయా?"

"పొడవవు సార్."

"పొడవవు బాబూ," అన్నాడు దాలయ్య. "కాకపోతే పైనించి రెట్ట పడతాది. గొడుగు ఏసుకోండి."

గొడుగు వేస్తే ముఖం మీద నీడ పడి కెమెరాకు ఇబ్బందయింది. గొడుగు మూసేశారు. దాలయ్య టేపు పట్టుకుని ఆయన ముక్కు నుంచి గూటి అంచు దాకా కొలిచి, "ఇంకో రెండంగుళాలు ముందుకి" అని జరిపాడు. మొదటి ఫోటో తీసేసరికి వైకుంఠరావుగారి కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఫోటోలో ఎలాగూ తెలియదు కనుక దమయంతి దాన్నే ఎక్కించింది.

మొదటి రోజు నలభై ఒకటి. రెండో రోజు ముప్ఫై ఎనిమిది. ఒక కొమ్మ దగ్గర్నుంచి ఇంకో కొమ్మకు మంచె మీద మారడం, కొలవడం, పక్షులు కుదురుకునేదాకా ఆగడం. చొక్కా మీద తెల్లగా చారలు. ఆయన సాయంత్రం దిగి, బావి దగ్గర ముఖం కడుక్కుని జీపెక్కేవారు. ఇతర రేంజిల నుంచి ఇద్దరు అధికారులను సాయం పంపారు. వాళ్లు తమ ఫోటోల్లో తాము ఎవరో తెలియకుండా ఉన్నామని తెలుసుకుని, ఒకరోజు నిలబడి, నడుము నొప్పి పెట్టుకుని వెళ్లిపోయారు.

నాలుగో రోజు నంబరు మూడు చెట్టు మీద వైకుంఠరావుగారి వీపు వెనక ఏదో కీచుమంది. ఆయన తల తిప్పి చూశారు. తిప్పినవారు అలాగే ఉండిపోయారు.

"దాలయ్యా," అన్నారు, "ఇది పిల్లను మింగేస్తోంది."

దాలయ్య కిందనుంచే నవ్వాడు. "మింగడం కాదు బాబూ. పిల్లే తల్లి గొంతు సంచిలో తల పెడతాది. లోపల సేప ఉంటాది. పెడతన్నాది అది."

వైకుంఠరావుగారు ఫోటో సంగతి మరిచిపోయి అటే చూశారు. గూట్లో రెండు పిల్లలున్నాయి. పెద్దది తల్లి నోట్లోంచి తల బయటికి తీసి, చిన్నదాన్ని మెడతో పక్కకు నెట్టి, మళ్లీ లోపలికి పెట్టింది.

"చిన్నదాన్ని తిననివ్వడం లేదు," అన్నారాయన ఫిర్యాదు చేస్తున్నట్టు.

"అంతే బాబూ. పెద్దది తిన్నాక మిగిలితేనే దానికి."

మర్నాటి నుంచి ఆయన అరగంట ముందే వచ్చేవారు. దమయంతి స్టాండు వేసుకుంటుండగా మంచెక్కి నంబరు మూడు చెట్టు దగ్గర నిలబడేవారు. ఆరో రోజు చిన్నది ఒకసారి తిన్నదని దిగివచ్చి చెప్పారు. మధ్యాహ్నం అన్నం తింటూ మళ్లీ చెప్పారు. తల్లి తంపర మడుగు వైపు ఎగిరేటప్పుడు ముందు రెండు రెక్కలూ ఎలా ఝాడిస్తుందో చేతులతో చూపించారు. "ఇన్నేళ్లు ఎన్ని గణన రిపోర్టుల మీద సంతకం పెట్టానో తెలుసా అమ్మా," అన్నారు, "ఒక్కటీ ఇలా దగ్గర్నుంచి చూసింది లేదు."

ఆఖరి రోజు సాయంత్రానికి లెక్క నాలుగు వందల అరవై రెండు దగ్గర ఆగింది. పోర్టల్ ఐదింటికి మూసుకుంటుంది. మిగిలింది నంబరు మూడు చెట్టు పడమటి కొమ్మలు. అక్కడ గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. ఒక్క మంచి ఫోటో చాలు. నాలుగూ ముప్ఫై ఐదయింది, ఎండ చెట్టు చివరికి ఎక్కుతోంది.

"సార్, ఇటు తిరగండి," అంది దమయంతి.

వైకుంఠరావుగారు తిరగలేదు. ఆయన వీపు కెమెరాకూ, ముఖం గూటికీ ఉన్నాయి.

"సార్."

"ఒక్క నిమిషం అమ్మా. పొద్దుట్నుంచి చిన్నది ఏమీ తినలేదు. తల్లి ఇప్పుడే వచ్చింది."

దమయంతి గడియారం చూసుకుంది. దాలయ్య సున్నం అంకె ఉన్న మానుకు ఆనుకుని నిలబడి ఆమెకేసి చూశాడు. ఆ చెట్టు ఆయన తండ్రి నాటింది. ఆమె వేలు మీట మీదే ఉంచి ఆగింది. చెట్టు మీద కొమ్మ కొమ్మా గుసగుసలాడుతున్నట్టు పక్షుల చప్పుడు. నాలుగూ నలభై మూడుకు ఆయన తిరిగారు.

"తినలేదు," అన్నారు. ముఖం చిన్నబోయి ఉంది.

ఆమె నొక్కింది.

పోర్టల్ మూసుకునే ముందు ఆఖరి అంకె వచ్చింది. ఐదు వందల ముప్ఫై ఒకటి. దాలయ్య ఆ అంకెను ఆమె చేత మూడుసార్లు చదివించుకుని, ఇంట్లోకి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చి, చెట్టు మాను మీద సున్నాన్ని కొబ్బరిపీచుతో రుద్ది కడిగేశాడు.

గణన ముగిశాక మంచెల మీదికి ఎవరూ ఎక్కరాదని నిబంధన. కిందినుంచి గూట్లోకి కనబడదు. వైకుంఠరావుగారు రోజూ సాయంత్రం దాలయ్యకు ఫోను చేసేవారు. "కింద ఏమైనా పడిందా?" అని అడిగేవారు. "లేదు బాబూ" అంటే ఫోను పెట్టేసేవారు.

పై ఆఫీసులో తంపరపేట పద్ధతిని మెచ్చుకున్నారు. మిగతా సంరక్షణ కేంద్రాల కెమెరాలన్నిటినీ అదే సర్వీసు కేంద్రానికి పంపాలని తీర్మానించారు. ఆ మెప్పుతోపాటే వైకుంఠరావుగారికి ఒక మెమో వచ్చింది. "గణన జరిగిన తొమ్మిది దినములలో తీసిన ఛాయాచిత్రములను యంత్రము పరిశీలించగా, ఏ ఒక్క చిత్రమునందును అధికారి హాజరు కనబడలేదు. విధులకు గైర్హాజరు అయినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆయన రేంజి ఆఫీసులో దమయంతిని కూర్చోబెట్టి జవాబు టైపు చేయమన్నారు.

"పైన సూచికలో ఏ మెమో నంబరు పెట్టమంటారు సార్?"

"సూచిక వద్దమ్మా. రాయి." ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి చెప్పారు. "నంబరు మూడు చెట్టు, పడమటి కొమ్మ, మొదటి గూడు. రెండు పిల్లలు. పెద్దదానికి ఒంటి మీద తెల్లటి నూగు వచ్చింది. చిన్నదానికి ఇంకా రాలేదు. తల్లి పొద్దున్న ఏడూ పది ప్రాంతంలో ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి వస్తుంది. పెద్దది నిండా తిన్నాకే చిన్నదానికి వంతు. ఆరో రోజు అది ఒకసారి తిన్నది. తొమ్మిదో రోజు సాయంత్రం దాకా తినలేదు. నేను అక్కడే ఉన్నాను."

దమయంతి ఆగింది. "ఇంకా ఏమైనా..."

"అంతే."

ఆ కాగితం పైకి వెళ్లింది. ఏ బల్ల మీద ఎన్నాళ్లుందో తెలియదు. పదహారు రోజుల తర్వాత ఫైలు తిరిగి వచ్చింది. 'చూశాను' అని ఒకరు, 'చర్చించండి' అని ఒకరు, ఉత్త పొడి సంతకాలు నలుగురు. సఫారీ సూటు చైర్మన్‌గారు 'హాజరు నిర్ధారణ కాలేదు, గైర్హాజరూ నిర్ధారణ కాలేదు' అని రాశారు. అన్నిటికన్నా పైన, ఆ రాష్ట్రంలో ఆ శాఖకంతటికీ పెద్ద అయిన అధికారి ఆకుపచ్చ సిరాతో మార్జిన్‌లో ఒకే వాక్యం రాసి సంతకం పెట్టారు.

"చిన్న పిల్ల ఉన్నదా? చూసి తెలుపవలెను."

జవాబుకు ఏడు రోజుల గడువుంది. వైకుంఠరావుగారు ఫైలు చంకలో పెట్టుకుని ఆ మధ్యాహ్నమే తంపరపేటకు బయలుదేరారు. దమయంతి ఎందుకైనా మంచిదని నలభై అడుగుల దూరంలో స్టాండు వేసింది. దాలయ్య నిచ్చెన పట్టుకున్నాడు. ఆయన మెల్లగా ఎక్కి మంచె మీద నిలబడి, అటు తిరిగి గూట్లోకి వంగారు.

ఒక కొమ్మ పట్టుకుని ఇంకాస్త వంగారు.

"ఉన్నాదా బాబూ?" అన్నాడు దాలయ్య కిందనుంచి.

వైకుంఠరావుగారు ఇటు తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచి, వేళ్లు పైకెత్తి చూపించారు. దమయంతి ఆ చేతికి గురిపెట్టి నొక్కింది.

ఫోటోలో పిల్లలు రెండూ బాగా వచ్చాయి. చిన్నదాని మెడ మీది తెల్లటి నూగు కూడా ఒక్కొక్కటిగా కనబడుతోంది. వాటి ముందు ఎవరివో రెండు వేళ్లు, మసగ్గా.